తాళం వేసిన గదిలో మిను

లండన్ దగ్గరి వాట్‌ఫర్డ్ చారిటీ షాపులో పాత పుస్తకాల మధ్య ఓ బెంగాలీ పుస్తకం కనబడింది. అట్ట మీద శాలువా కప్పుకుని, టార్చిలైటు పట్టుకున్న డిటెక్టివ్. చూడగానే గుర్తుపట్టాను. ముక్కుకి ఆవనూనె వాసన కొట్టింది.

స్లౌలో పెరిగిన మన బ్యాచ్‌కి గుర్తుందా, ఆఫీసు నుంచి అమ్మానాన్నల రైలు వచ్చేదాకా పక్క ఫ్లాట్‌లో కూర్చునే సాయంత్రాలు? రెండువేల మూడు ప్రాంతంలో నా పక్క ఫ్లాట్ షిప్రా ఆంటీది. ఆవనూనెలో చేపలు వేయిస్తూనే ఈ బెంగాలీ పుస్తకం చూస్తూ, అప్పటికప్పుడు ఇంగ్లీషులో కథ చెప్పేవారు. డిటెక్టివ్ వెంట మిను అనే అమ్మాయి ఉండేది. నా ఈడుదే, నాలాగే రెండు జడలు. ఓ రోజు దొంగలు మినుని పాత బంగళాలో ఓ గదిలోకి తోసి తాళం వేశారు. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చి బెల్ కొట్టింది.

"ఒక్క పేజీ అమ్మా, ప్లీజ్!"

"రేపు విందువుగానిలే. షూస్ వేసుకో, ఇంకా అన్నం వండాలి."

మర్నాడు నాకు జ్వరం. ఆ వారాంతంలోనే నాన్న ఉద్యోగం మారి గ్లాస్గో వెళ్ళిపోయాం. ఇన్నేళ్ళూ ఎక్కడ గడియ పడిన చప్పుడు విన్నా, మిను ఏమైందోనని ఒకటే తొలిచేది.

పుస్తకం కొని, ఆఫీసులో బెంగాలీ స్నేహితురాలు రీమా చేతిలో పెట్టాను. లంచ్ చల్లారిపోతున్నా తిననివ్వలేదు.

"తలుపు ఎవరు తీశారో ముందు చెప్పు."

కథంతా తిరగేసి రీమా నన్ను వింతగా చూసింది. "ఇందులో అసలు అమ్మాయే లేదే!"

అంటే మినుని ఆంటీ నా కోసం కల్పించారు. ఆ తలుపు తీయడం ఆవిడొక్కరికే తెలుసు.

షిప్రా ఆంటీ ఇప్పుడెక్కడున్నారో మీలో ఎవరికైనా తెలుసా?