ఉప్పు పెట్టి పిలిచిన దుప్పులు

వేసవిలో తొలి చినుకులు పడగానే ఎండిన బోదగడ్డి నుంచి ఒక వాసన లేస్తుంది. ఈ వయసులో నన్ను ఏదీ పెద్దగా కదిలించదు గానీ, ఈ వాసన మాత్రం మునెప్పన్నను తీసుకొచ్చి ఎదురుగా నిలబెడుతుంది. ఓపిక లేని రోజున కూడా ఆయన గురించి చెప్పాలనిపిస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, తిరుపతి ఊరి చివర కొండల కింద, ఒక ప్రైవేటు విడిదిలో నేను మేనేజరును. బోదగడ్డి కప్పిన నాలుగు గుడిసెలు, ఒక వంటిల్లు, గేటుకు పచ్చరంగు బోర్డు. కొండ మీద దర్శనం ముగించుకుని రైలుకు ఇంకో పూట మిగిలినవాళ్ళు, మద్రాసు నుంచి కార్లలో దిగేవాళ్ళు మా అతిథులు. వాళ్ళను అడవిలో నడిపించే పని మునెప్పన్నది. అరవై దాటిన మనిషి. వెదురు కొట్టి, తేనె తీసి ఆ కొండల్లోనే బతికినవాడు. ఎండాకాలంలో పొద్దు వాలితే ఆయన ఎవరినీ చెలమ దగ్గరికి తీసుకుపోయేవాడు కాదు. ఇసుకను చేత్తో తోడితే నీరు ఊరే గుంట అది, దుప్పులు నీళ్ళకు వచ్చే చోటు. “మనకి బాటిల్లో నీళ్ళుండాయి. వాటికి ఇదొకటే గదా ఉండేది” అని దారిలోనే వెనక్కి తిప్పేవాడు. అతిథులు గొణుక్కుంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

‘ఇంత దూరం వచ్చి ఒక్క దుప్పినైనా చూడకపోతే ఎట్లా?’ అన్న మాట విని విని విసిగిపోయాను. తెలివి ఎక్కువై, వంటింటి వెనక బండ మీద రోజూ కల్లుప్పు చల్లాను. వారం తిరక్కుండా దుప్పులు వచ్చాయి. అతిథులు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ ఫోటోలు తీసుకున్నారు. యజమాని భుజం తట్టాడు. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

ఒక ఉదయం చూస్తే బండ పక్కన ఆడదుప్పి చచ్చి పడి ఉంది. పల్లె కుక్కలు చీల్చేశాయి. మునెప్పన్న కేకలేస్తాడనుకున్నాను. ఆయన బండ మీది ఉప్పును తుండుగుడ్డతో తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు:

“ఉప్పు పెట్టి పిలిస్తివి. పిల్చినోడు కావిలి ఉండల్ల గదప్పా.”

“ఇంక చల్లను మునెప్పన్నా.”

“నువ్వు సల్లకపోతే సరిపోతాదా? అవి మరిసిపోవల్ల.”

దుప్పిని గుట్టుగా పూడ్పించాను. ఉప్పు ఆపేసినా మిగతావి వస్తూనే ఉన్నాయి. ఆ వేసవి అంతా మునెప్పన్న సాయంత్రం కాగానే ఖాళీ నూనె డబ్బా పట్టుకుని ఆ బండ దగ్గర నిలబడేవాడు. దుప్పి కనబడితే డబ్బా వాయించి తరిమేవాడు. తరిమిన ప్రతిసారీ ఆయన ముఖమే చిన్నబోయేది. వేసవి చివరికి వచ్చేవి రెండో మూడో. ఈలోగా అతిథులు ఫిర్యాదు పుస్తకం నింపేశారు. “ముసలాడికి మతి పోయిందా, ఎందుకు తరుముతున్నాడు?” అని యజమాని నన్ను నిలదీశాడు. జరిగింది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. రేపటి నుంచి రావద్దని మునెప్పన్నకు చెప్పిందీ నేనే.

నెల తర్వాత ఆయన ఇంటికి వెళ్ళాను. తప్పు ఒప్పుకోవాలని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. వాకిట్లో వెదురు గంప అల్లుతున్న ఆయన, నేను నోరు తెరవకముందే అడిగాడు:

“అవి ఇంకా వస్తా ఉండాయా?”

“లేదన్నా. పది రోజులుగా ఒక్కటీ రాలేదు.”

“అయితే సరే” అని హాయిగా నవ్వి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ నవ్వు చూశాక తప్పు ఒప్పుకోకుండానే సిగ్గుతో తిరిగి వచ్చేశాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా ఇదే పనిలో, ఇంకో విడిదిలో రోజులు ఈడుస్తున్నాను. దుప్పుల్ని చూపిస్తారా అని అడిగినవాళ్ళకు, కనబడితే మీ అదృష్టం, పిలిచి చూపించనని చెబుతాను. కోపం వచ్చినవాళ్ళ ముందు ఫిర్యాదు పుస్తకం తెరిచి, నా పూర్తి పేరు చెప్పి రాయమంటాను. ఆ రోజు యజమాని ముందు నేను చెప్పాల్సిన పేరు అదే.