కారు వెనక గది

కారు వెనక ఇల్లు తగిలించుకుని తిరగాలనుకునే కొత్తవాళ్లు నన్నడిగితే ముందు మరుగుదొడ్డి చూసుకోమంటాను. పరుపులు, పరదాలు, టీవీ పెట్టే చోటు తర్వాత చూడొచ్చు. మేము ఆ డబ్బా కొన్నదే దొడ్డి కోసం.

మా ఆయనకు ఆపరేషన్ అయినప్పటి నుంచి మూత్రం వస్తే ఆగదు. బేగంబజార్‌లో మాది గిన్నెల దుకాణం. సరుకు కోసం ఎన్నో ఊళ్లు తిరిగిన మనిషి, పక్కనే ఉన్న ఉస్మాన్‌గంజ్ దాకా పోవడం కూడా మానేశాడు. పెళ్లిళ్లకు నన్నొక్కదాన్నే పంపేవాడు. దేవరకొండలో ఆయన అక్క ఉంది. తల్లి పోయాక ఈయన్ను పెంచింది ఆమే. పొద్దున్నే ఫోన్‌లో ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. "ఒక్కసారి నీ మొఖం సూపియ్‌రా తమ్మీ" అని ఆమె అనగానే ఈయన ఫోన్ నా చేతికిచ్చి లేచిపోయేవాడు. ఎందుకు రావడం లేదో ఆమెకు చెప్పడు, నన్ను చెప్పనివ్వడు.

మా కొడుకు ఎక్కడో చూసి, వాడిన డబ్బా ఒకటి తెచ్చాడు. రెండు చక్రాల మీద ఒక గది. అందులో మంచం, పొయ్యి, బుడ్డ ఫ్రిజ్, ఒక మూల తలుపు పెట్టిన దొడ్డి. మా గల్లీలోకి తోపుడుబండి రావడమే కష్టం, దీనికి చోటెక్కడిది? బార్కస్‌లో బండ్లకు కొండీలు, గొలుసులు బిగించే మెకానిక్ తన షెడ్డు పక్క జాగాలో పెట్టుకోనిచ్చాడు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అందుకే ఎక్కడేం రాసి ఉన్నా చదవకుండా వదలను. ఆ డబ్బాలో అంటించిన కాగితాలన్నీ కూడబలుక్కున్నాను, ఇంగ్లిష్‌వి కొడుకు చేత చదివించాను. దొడ్డిలో చెంబెడు నీళ్లు పోసి, అవి ఎక్కడికి పోతాయో చూద్దామని బయటికొచ్చి వంగి చూశాను. పక్కన చిన్న తలుపు తీస్తే, సొరుగులాగా ఒక పెట్టె బయటికొచ్చింది. నిండితే దాన్ని మోసుకుపోయి పారబోయాలట. ఇంత తెలివి ఎవడికి పుట్టిందో అని చాలాసేపు దాన్ని లాగుతూ, తోస్తూ ఉండిపోయాను.

"ఏమే, అదేమన్న నగల పెట్టెనా?" అన్నాడు మా ఆయన.

అది ఇల్లో బండో మాకు తేలలేదు. బండైతే నిమ్మకాయలు తొక్కించాలి, ఇల్లయితే పాలు పొంగించాలి. ఎందుకైనా మంచిదని రెండూ చేశాం. నిమ్మకాయలు బాగానే చితికాయి. పాలు మాత్రం తూర్పుకు పొంగాల్సింది పోయి, దక్షిణం వైపు తలుపు దిక్కు జారాయి.

మా ఆయనకు సాకు దొరికింది. "సూసినవా? పోవద్దంటున్నది."

మెకానిక్ డబ్బా లోపల నేల మీద సగం నీళ్లున్న సీసా అడ్డంగా పెట్టి చూశాడు. "దిక్కుది కాదు సేట్ సాబ్. గీ పక్క జాగ దిగువకున్నది. చక్రం కింద చెక్క పెట్టాలె. ఒరిగి ఉంటే మీ ఫ్రిజ్ గూడ సల్లగ కాదు."

"పాలు గుంత దిక్కు పోక మిట్ట దిక్కు పోతయా?" అన్నాను మా ఆయనతో.

చెక్క పెట్టారు. కారు నుంచి కొండీ విప్పకముందే చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాలని, లేకపోతే డబ్బా దానంతట అదే షికారు పోతుందని మెకానిక్ చూపించాడు. వెనక్కి తోలడం కొడుకుకు నేర్పాడు. స్టీరింగ్ కుడికి తిప్పితే డబ్బా ఎడమకు పోతోంది. "పైన పట్టుకోకు బేటా, కింద పట్టుకో. డబ్బా ఎటు పోవాల్నో చేయి అటు జరుపు." అది బాగానే కుదిరింది.

ఈలోపు మా ఆయన లోపలికెక్కి మంచం మీద పడుకున్నాడు. చేయి చాపితే దొడ్డి తలుపు అందుతోంది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో కాస్త వెలుగు చూశాను. "నేను గిట్లనే పండుకోని వస్త," అన్నాడు.

"నై నై సేట్ సాబ్," అన్నాడు మెకానిక్. "బండి నడుస్తుంటే లోపల ఎవ్వరు ఉండొద్దు. గుంతల పడితే డబ్బల బఠాణి లెక్క ఎగురుతరు. అందరు కార్లనే కూసోవాలె."

ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మా ఆయన లేచి, దిగి, చెప్పులు వెతుక్కున్నాడు. "మీరిద్దరు పోయి రాండ్రి," అన్నాడు. ఇప్పుడు పోకపోతే ఈ మనిషి ఇక ఎప్పటికీ పోడని నాకు తెలుసు. అక్కడ అక్కకు ఎనభై దాటాయి.

మెకానిక్ కొండీకి గ్రీజు పూస్తూ కొడుకుకు చెప్పుకుపోతున్నాడు. "మొదటిసారి పోతున్నరు. మధ్య మధ్యల ఆపుకుంట పోవాలె. చక్రం నడుమ గీ గిన్నె ఉన్నది గద, చేయి దగ్గర పెట్టి చూడాలె. సెగ కొడితే లోపల గ్రీజు లేదన్నట్టు."

మా ఆయన ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగాడు. "ఎన్నిసార్లు ఆపాలె?"

"ఎన్నిసార్లయినా. ఆపితే నష్టమేంది?"

"అయితే గిన్నె సంగతి నేను సూస్కుంట. గిన్నెలు మీరు నాకు నేర్పుతరా?"

ఎవరూ నవ్వలేదు. ఆ మెకానిక్ మా ఆయన అవస్థ కనిపెట్టి మధ్య మధ్య ఆపమన్నాడో, ఊరికే పనిలో పనిగా అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను.

బయల్దేరాం. సాగర్ రోడ్డు ఎక్కి కాస్త వేగం అందుకోగానే డబ్బా కుక్క తోకలాగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. కొడుకు కంగారుపడ్డా బ్రేకు తొక్కలేదు, కాలు తీసేసి మెల్లగా పక్కకు తెచ్చి ఆపాడు. మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"వెనకాల ఏం పెట్టిన్రు?"

"గిన్నెలు."

"ఎన్ని?"

కొడుకు నా వైపు చూశాడు. దేవరకొండ వదినెకు ఇద్దామని స్టీలు డబ్బాలు, ఇత్తడి బిందెలు, నీళ్లు కాచుకునే బాయిలర్ అన్నీ వెనక అలమరలో కుక్కాను.

"అమ్మ దుకాణమే పెట్టింది భాయ్."

బరువంతా వెనక ఉంటే ఊగుతుందట. చక్రాల మీదికి, కొంచెం ముందుకు జరిపి కట్టాలట. బిందెలు ఒక్కొక్కటీ మోసి డబ్బా నడుమ నేల మీద పెట్టి తాడు కట్టాం. గిన్నెల వ్యాపారం చేసేవాళ్లు గిన్నెలు లేకుండా గడప దాటలేరు. మీరు దాటగలిగితే తక్కువ పెట్టుకోండి.

అక్కడి నుంచి డబ్బా బుద్ధిగా వచ్చింది. మా ఆయన "ఆపురా, గిన్నె సూడాలె" అంటాడు. దిగి, రెండు పక్కలా చేయి పెట్టి, "సల్లగుంది" అని అందరికీ వినపడేలా చెప్పి డబ్బా లోపలికి పోతాడు. అలా ఇబ్రహీంపట్నం దాటాం. మాల్ అనే ఊరి దగ్గరికొచ్చేసరికి రోడ్డు పనులు, వెనక బస్సు హారన్.

"ఆపురా, గిన్నె."

"ఈడ జాగ లేదు బాపు. డబ్బతోని ఆపాల్నంటే మస్తు పొడుగు జాగ గావాలె. గిన్నె ఏం గాదులే, ఇప్పుడే సూసినవ్."

మా ఆయన ముందు సీటు పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"గిన్నెకు కాదురా. నాకు."

కొడుకు అద్దంలో ఒకసారి చూశాడు. ఇండికేటర్ వేసి, బస్సువాడి తిట్లు తింటూ కంకర కుప్పల మధ్య ఎలాగో దూర్చి ఆపాడు. మా ఆయన పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తడం చూసి ఎన్నేళ్లయిందో! లోపలి తలుపు మూసుకున్న చప్పుడు వినపడేదాకా నేనూ కొడుకూ వెనక్కే తిరిగి చూశాం.

ఆ తర్వాత గిన్నె మాట రాలేదు. చక్రాలు కొడుకే చూసుకున్నాడు. వెడల్పు జాగా కనిపించినప్పుడల్లా, చాయ్ తాగుతావా అన్నట్టు, "బాపు, ముంగట జాగున్నది, ఆపాల్నా?" అని అడిగేవాడు. ఈయన "ఆపు" అనో, "పోనీ" అనో అనేవాడు.

వదినె గుమ్మంలోనే నిలబడి ఉంది. తమ్ముడి ముఖం రెండు చేతులతో పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. అన్నం తిన్నాక మేము డబ్బాలో పడుకుంటామంటే లొల్లి పెట్టింది.

"నా ఇంట్ల మంచం లేదారా? గా డబ్బల పండుకుంటవా? నలుగురు ఏమనుకుంటరు?"

"అక్కా, నాకు మూత్రం ఆగదు," అన్నాడు మా ఆయన, పక్కింటివాళ్లు ఉండగానే. "గందుకే ఇన్ని దినాలు రాలే."

ఆమె నెత్తి కొట్టుకుంది. "గీ ముచ్చటకా? చిన్నగున్నప్పుడు నా మూడు చీరలు గిట్లనే చివికిపోయినయ్ గదరా నీ తోని!"

పక్కింటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు, అక్క పక్కన మంచం మీద కూర్చున్నాడు.

ఒక్క రాత్రికి వచ్చినవాళ్లం ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాం. దాంతో దొడ్డి పెట్టె నిండింది. దాన్ని ఎక్కడ ఖాళీ చేయాలో ముందే అడిగి పెట్టుకోండి, మేము అడగలేదు. నేనూ కొడుకూ చెరో పక్క పట్టుకుని వదినె ఇంటి వెనక మరుగుదొడ్డికి మోసుకుపోతుంటే, వాకిట్లో వాళ్లిద్దరూ ఇంకా ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు. పక్కపక్కనే కూర్చున్నా, అలవాటు కొద్దీ, ఫోన్‌లో లాగే అరుస్తూ.