రెండు ఖాళీ డబ్బాలు

అరవైల మొదట్లో నేను నెల్లూరులో కొత్తగా నర్సు పనిలో చేరాను. మా ఆసుపత్రిలో క్షయకు కొత్త మాత్రల మీద పరిశోధన చేస్తూ, సముద్రం ఒడ్డునున్న మైపాడు పల్లెలోని రోగులకు వారం వారం నా చేత మాత్రలు పంపేవారు.

వాళ్ళలో పోలమ్మకు మూడు నెలలైనా దగ్గు తగ్గలేదు. మాత్రలు పారేస్తోందేమోనని గట్టిగా నిలదీశాను.

"పారేసేదానికి నాకేమన్నా పిచ్చా నర్సమ్మా? సగం మా తోడికోడలికి ఇస్తా ఉండా. అది గూడా నెత్తురు కక్కతా ఉంది గదా. వలలో పడిన చేపను రెండిళ్ళకీ పాళ్ళేసుకునేవాళ్ళం, మందు నేనొక్కదాన్నే ఎట్ట మింగేది?"

ఆ తోడికోడలిని మా డాక్టరుగారు అంతకుముందే చూశారు. పరిశోధనకు కావలసినంత మంది దొరికారని తిప్పి పంపేశారు! సగం సగం మింగితే ఇద్దరికీ నయం కాదని పోలమ్మకు చెప్పి, ఇద్దరికీ మందు ఇమ్మని అడగడానికి ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"నియమం తప్పిన కేసు నాకు పనికిరాదు. రిజిస్టర్లో ఆమె పేరు కొట్టెయ్," అన్నారు, తలైనా ఎత్తకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పేరు కొట్టేశాను.

మరుసటి వారం మాత్రల సంచితో వాళ్ళ వీధిలో వెళుతుంటే పోలమ్మ ఎదురొచ్చింది. చేతిలో రెండు ఖాళీ డబ్బాలు.

"ఈ తూరి ఇద్దరికీ తెచ్చినావా నర్సమ్మా?"

మనిషి కన్నా రిజిస్టరే ముఖ్యమనుకున్న ఆ పెద్దమనిషి మీద నాకు నేటికీ కోపమే. కానీ ఆ పేరు మీద గీత గీసింది ఆయన చెయ్యి కాదు, నాది.