పట్టుకోని మనిషికి ఉత్తరం

నిన్న డోన్ స్టేషన్ ముందు చెరకురసం బండి దగ్గర ఐసుగడ్డ పగలగొడుతుంటే, చిన్నప్పుడు టీవీలో చూసిన రష్యా స్కేటింగ్ జంట గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. బట్టలు కుట్టే మా మేనత్త, నేను ఆ జంటకు వీరాభిమానులం. వాళ్లు టీవీలో వస్తే అత్త మిషన్ ఆపేసేది. మంచు మీద జారుతూ జారుతూ అతను ఆమెను గాలిలోకి విసిరేవాడు. ఆమె గిరగిరా తిరిగి, అంతదూరంలో ఒంటికాలి మీద దిగేది. అతనే పరుగెత్తి పట్టుకోవాలనీ, పాపం ప్రతిసారీ అందుకోలేకపోతున్నాడనీ నేననుకునేదాన్ని.

ఒకరోజు ఆమె దబ్బున పడింది. నాకు ఏడుపొచ్చింది. నోటుబుక్కులో కాగితం చించి, "అన్నా, కొంచెం దగ్గరికి విసురు. అప్పుడు పట్టుకోవచ్చు" అని అతనికి ఉత్తరం రాశాను.

అత్త అది చదివి పడీపడీ నవ్వింది. "పట్టుకోకూడదు పాపా. ఆయమ్మి సొంతంగా దిగాల. అదే ఆట."

"మరి ఇసిరినాక ఆయప్పకేం పనుండాది?"

అత్త ఆలోచించింది. "ఏమోమ్మా, నేనూ ఆయమ్మినే చూస్తాండా కదా" అంది.

నిన్న ఇంటికొచ్చి ఆ జంట పాత వీడియో ఒకటి ఫోన్‌లో వెతికాను. ఈసారి అతన్నే చూశాను. విసిరిన చేతులు అలాగే చాచి, ఆమె కాలు మంచును తాకేదాకా అతను కళ్లు తిప్పుకోలేదు.