హెబ్డెన్ గారి చేతిలో చావు

మా థార్న్‌సీలో హెబ్డెన్ గారి చేతిలో చావనివాళ్ళు బహు తక్కువ. కంగారు పడకండి, సిరిల్ హెబ్డెన్ గారు రాసేది దయ్యాల నవలలు. ఊళ్ళో బతికున్నవాళ్ళని పేర్లతో సహా కథలోకి లాక్కొచ్చి, చివర్లో చంపేయడం ఆయన అలవాటు. మా పాస్టరుగారిని చర్చి గంట మింగేసింది. పోస్టుమాస్టరు పొగమంచులోకి పడవేసుకుని వెళ్ళి మరి తిరిగిరాలేదు. మాంసం కొట్టు హెరాల్డ్‌నైతే రెండుసార్లు చంపారు, రెండోసారి కవల తమ్ముడి వేషంలో. పుట్టని తమ్ముడు పోయినందుకు హెరాల్డ్ కొన్నాళ్ళపాటు పరామర్శలు అందుకున్నాడు.

అలాగని అడక్కుండా ఎవర్నీ చంపేవారు కాదు. టీ వేళకు వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మర్యాదగా అడిగేవారు. చేపలూ చిప్సూ అమ్మే మావిస్‌ని అడిగినప్పుడు నేనూ ఆ కొట్లోనే ఉన్నాను.

"మావిస్, నిన్ను చంపుకోనా?"

"ఎలా చంపుతారేం?"

"బావిలోకి తోసి."

"అమ్మో, నాకు చన్నీళ్ళు పడవు. రొంప పట్టేస్తుంది."

"పోనీ, కొండ మీంచి సముద్రంలోకి?"

"అక్కడ మాత్రం వేణ్ణీళ్ళున్నాయా? సరే, కానివ్వండి. ఈ నూనె మరకల బట్టలతో మాత్రం కాదు సుమండీ!"

"మరి ఏ రంగు గౌను?" అని మొదలుపెట్టి, ఆయన తాపీగా కూర్చుని ఆవిడ చిన్ననాటి సంగతులన్నీ రాబట్టారు. కొండ మీంచి తోసెయ్యడానికి ఇన్ని కబుర్లెందుకో నాకు బోధపడలేదు.

ఒకప్పుడు ఆయన పుస్తకాలు రైల్వే స్టేషన్లలో టీ కంటే ఎక్కువ అమ్ముడుపోయేవి. తర్వాత జనం రుచి మారింది. పుస్తకాలు పాతసామాన్ల దుకాణాల్లో, విరిగిన గొడుగుల పక్కకు చేరాయి. ఈమధ్య మళ్ళీ కాలం తిరిగి, అందరూ దయ్యాల కథల్ని ఆడియోగా చెవుల్లో పెట్టుకుని బస్సులెక్కుతున్నారు. అలాంటి కథలకు చప్పుళ్ళు చేసి పెట్టడమే నా ఉద్యోగం. మా మాంచెస్టర్ కంపెనీవాళ్ళని బతిమాలి, ఆయన 'తొమ్మిదో నంబరు పొగమంచు' నవలకు ఒప్పించాను. కబురు చెప్పగానే ఆ పెద్దాయన కళ్ళజోడు తుడిచిందే తుడిచి, "నన్ను మళ్ళీ ఎవరైనా వింటారంటావా, అమ్మాయ్?" అన్నారు.

పాత ప్రార్థనామందిరం అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టాం. ఎముకలు విరగాలంటే పచ్చి సెలరీ కాడలు విరుస్తాం. మెడ నులమాలంటే క్యాబేజీ. హెబ్డెన్ గారు నా పక్కనే కూర్చుని, "అది నారిస్ మెడ అమ్మాయ్, ఇంత లేతగా ఉండదు. ఇంకాస్త ముదురు క్యాబేజీ చూడు," అని తప్పులు పట్టేవారు.

చిక్కంతా ఈ నారిస్ దగ్గరే వచ్చింది. కథలో అతని మెడ విరిగే ముందు, ఒక అధ్యాయమంతా అతను భార్య ఈడీతో డాన్సు చేస్తాడు. కంపెనీ తరఫున వచ్చిన టామ్సిన్ అది తీసేయమంది.

"అందులో భయమెక్కడుంది సార్? మొదట్లోనే మెడ విరక్కపోతే జనం వినడం ఆపేస్తారు."

"ఆపేయనీ."

"ఆ అధ్యాయంలో ఏమీ జరగదు కదండీ!"

"నారిస్ డాన్సు చేస్తాడుగా?"

"అది ఉంటే కంపెనీ ఒప్పుకోదు."

"అయితే వద్దులే తల్లీ," అని ఆయన టోపీ పెట్టుకున్నారు. ఇన్నేళ్ళకు వచ్చిన అవకాశం ఒక డాన్సు కోసం వదులుకుంటున్నారని నాకు ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే అసలు నారిస్ వచ్చాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు. చిన్నప్పుడే పోలియో వచ్చి కాలికి ఇనప పట్టీ. ఇప్పుడు చూపు కూడా పోయింది. తన మెడ విరగడం వినాలని కాబోలు, ఈడీ చెయ్యి పట్టుకుని వచ్చాడు. టామ్సిన్ సంతోషంగా వినిపించింది. క్యాబేజీ కసుక్కుమంది.

"బావుంది," అన్నాడు నారిస్. ఇంకా ఏదో రావాలన్నట్టు కూర్చునే ఉన్నాడు. "మరి దాని ముందుదో?"

"ముందుదేంటి?" అంది టామ్సిన్.

"నా డాన్సు. మెడదేముందమ్మా, మా ఈడీ రోజూ విరుస్తూనే ఉంటుంది. చూపున్నప్పుడు ఆ డాన్సు పేజీలే మళ్ళీ మళ్ళీ చదువుకునేవాణ్ణి. వినొచ్చని చెబితే వచ్చాను."

నాకు మిగతా చావులన్నీ గుర్తొచ్చాయి. గొంతు బాగోదని సిగ్గుపడే పాస్టరుగారు, గంట తనని మింగే ముందు, ఊరంతా వినేలా పాడారు. కౌంటరు దాటని పోస్టుమాస్టరు నడిసముద్రం చూశాడు. మావిస్ నీలం పట్టుగౌనులో నలుగురూ తిరిగి చూసేలా నడిచింది.

"ఇదా సంగతి!" అన్నాను హెబ్డెన్ గారితో.

ఆయన విసుక్కున్నారు. "ఏం కావాలని అడిగితే మనవాళ్ళెవరైనా చెబుతారా? 'అబ్బే, ఏమీ వద్దు, బానే ఉన్నాం' అంటారు. చంపుతానంటేనే నోరు విప్పుతారు."

టామ్సిన్ కాయితాలు సర్దుకుంది. తర్వాత, "కంపెనీతో నేను మాట్లాడతాలెండి. మరి డాన్సు అడుగుల చప్పుడు ఎవరు చేస్తారు?" అంది.

మా పనిలో అడుగుల చప్పుడు కాళ్ళతోనే చెయ్యాలనేం లేదు. చేతులకు బూట్లు తొడుక్కుని చెక్క మీద కొట్టినా చాలు. నారిస్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులకూ రెండు నల్లబూట్లు తొడిగాను. ఎదురుగా ఈడీ తన ఎత్తుమడమల చెప్పుల్లో చేతులు దూర్చింది. పాట పెట్టాం. ముందు తడబడ్డాడు. తర్వాత అందుకున్నాడు. ఆ చెక్క మీద రెండు జతలూ తిరుగుతుంటే నేను పని మర్చిపోయి చూస్తుండిపోయాను.

"నా కాలు తొక్కావ్!" అంది ఈడీ.

"పెళ్ళయ్యాక ఇదే మొదటిసారిలే, ఊరుకో," అన్నాడు నారిస్, మొహమంతా నవ్వుతూ.

హెబ్డెన్ గారు క్యాబేజీ చేతిలోకి తీసుకున్నారు. "ఒరేయ్ నారిస్, నీ టైమైందిరా."

"ఆగరా సిరిల్," అన్నాడు నారిస్, బూట్లు ఆపకుండా. "పాట ఇంకా అవలేదు."