గేటు మీద స్టామెన్

లివాదెలో చచ్చినవాళ్లు గేట్ల మీద ఉంటారు. ఒక కాగితం, అందులో ఫొటో, పైన చిన్న శిలువ, కింద ఏడ్చేవాళ్ల పేర్లు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి. కొండ మీది ఊరు, గాలి ఊరుకోదు. అందుకే జిగురు నమ్ముకోకుండా మేకులు కొడతారు.

దఫీనా గేటు మీద ఆమె మొగుడు స్టామెన్ ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాటింది. ఏటా ఆకులు రాలే కాలంలో ఆమె బస్సెక్కి కింద పట్నానికి వెళ్లి, ప్రెస్సులో అదే ఫొటో ఇచ్చి కొత్త కాగితం వేయించుకొస్తుంది. ఫొటోలో స్టామెన్ టోపీ వెనక్కి నెట్టి, ఎవరో ఏదో అన్నదానికి నవ్వుతుంటాడు. కింద ఒక్కటే పేరు: దఫీనా. పిల్లల్లేరు. ఆమె పాల కేంద్రంలో పనిచేసింది, అది మూతపడింది. పొగాకు ఆకు గుచ్చింది, అదీ పోయింది. మిగిలింది ఇల్లు, పైన ఖాళీగా పడున్న రెండు గదులు.

ఆ గదులు అతిథులకి ఇప్పిద్దామనే జెల్యాజ్కో వచ్చాడు. ఊరి పెద్దరికం అతనిదే, బస్సు కోసం జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగేదీ అతనే. పెద్ద పట్నాలు చూసి విసిగిన విదేశీయులు ఇలాంటి మారుమూల ఊళ్లు వెతుక్కుంటూ వస్తున్నారని, నాలుగు మొహాలు కనబడితే బస్సు ఆగిపోకుండా ఉంటుందని అతని లెక్క.

"పిన్నీ, గదులు బాగున్నాయి. గేటే బాగాలేదు."

"గేటుకేమైందిరా?"

"పోయినేడు ఒక కారు చౌరస్తా దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది గుర్తుందా? గేటు గేటుకీ కాగితాలు చూసి ఊళ్లో ఏదో రోగం తగిలిందనుకున్నారట! అందరూ పాతవి తీసి గుడి గోడ మీద పెట్టారు. నువ్వొక్కదానివే మిగిలావు."

"ఆయన గుడికి వెళ్లే మనిషి కాదు" అంది దఫీనా.

జెల్యాజ్కో నవ్వలేదు. "బస్సు పోతే నీ ప్రెస్సుకి ఎలా వెళ్తావు పిన్నీ?" అన్నాడు.

ఆ దెబ్బకి ఆమె దిగొచ్చింది. సరేనంది. మర్నాడు పొద్దున్నే మేకులు పీకింది. కాగితం ఉన్నచోట చెక్క తెల్లగా, నలుచదరంగా, కట్టు విప్పిన పుండు చుట్టూ చర్మంలా బయటపడింది. గుడి గోడకి మాత్రం తీసుకెళ్లలేదు. వంటగదిలో, పొయ్యి పక్కన, పిండి డబ్బాకి ఆనించింది.

మధ్యాహ్నానికల్లా ఎదురింటి వేల్కా కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

"ఏమే దఫీనా, మొగుణ్ణి దింపేశావట? పెళ్లి కుదిరిందా ఏంటి?"

"కుదిరింది. నీ తమ్ముణ్ణే అడిగాను. పళ్లు కట్టించుకుని వస్తానన్నాడు."

వేల్కా పడీ పడీ నవ్వింది. గేటు దాటేటప్పుడు మాత్రం తెల్లటి చదరం వైపు చూసి, నవ్వు ఆపేసి, శిలువ గుర్తు వేసుకుంది. కిటికీలోంచి దఫీనా అది చూసింది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. ఊరికి మాటిచ్చింది. మరి ఆయనకి ఏం చెప్పుకోవాలి?

శనివారం అతిథులు దిగారు. పోలండు నుంచి వచ్చిన దంపతులు, బొజెనా, లెషెక్. ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. వాళ్ల మాటలు సగం ఈ ఊరి మాటల్లాంటివే, మిగతా సగం చేతులతో నడిచిపోయింది. దఫీనా చిక్కుడు గింజల పులుసు, బంగాళదుంప రొట్టె, గడ్డ పెరుగు పెట్టింది. లెషెక్ రెండోసారి వడ్డించుకున్నాడు. బొజెనా చూపు మాత్రం పిండి డబ్బా దగ్గరే ఆగిపోయింది.

"మీ అబ్బాయా?" అంది మెల్లగా.

దఫీనా చేతిలో గరిటె ఆగింది. ఫొటో వైపు చూసింది. నవ్వుతున్నవాడు నలభై కూడా నిండని కుర్రాడు. ఏటా ప్రెస్సులో ఇచ్చి, ఏటా గేటుకి కొట్టి, ఏటా ముద్దు పెట్టుకున్న మొహం. ఆయనకి తల్లి వయసు తనకెప్పుడు వచ్చిందో గమనించనే లేదు.

"కాదమ్మా, నా మొగుడు" అంది. "ఆయన అక్కడే ఆగిపోయాడు. నేనే ముసలిదాన్నయ్యాను."

బొజెనా మొహం ఎర్రబడింది. చేత్తో నోరు మూసుకుంది. ఆ పైన చెయ్యి తీసి, "ఎలా పోయారు?" అని అడిగింది.

ఆ మాట దఫీనాని ఎవరూ ఇన్నేళ్లలో అడగలేదు. ఊళ్లో అందరికీ తెలుసు; తెలిసినదాన్ని ఎవరడుగుతారు? ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం పులుసు చెయ్యమన్నాడు. ఇదిగో, ఇదే పులుసు. గేటు చప్పుడు వినబడింది. చేతులు పిండిలో ఉన్నాయి, నేను తిరిగి కూడా చూడలేదు. అడవిలో దేవదారు చెట్టు ఆయన మీద పడింది. అక్కణ్ణుంచే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. శవపెట్టె మూసే ఇచ్చారు. చూడొద్దన్నారు. తిన్నగా శ్మశానానికే... ఇంటికి రాలేదమ్మా. ఆ గేటు దాటి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రాలేదు. కాగితం కొట్టాకే గేటు దగ్గరికి వచ్చాడు."

లెషెక్‌కి ఎంత అర్థమైందో గానీ గ్లాసు ఎత్తి, తాగకముందే రెండు చుక్కల వైన్ నేల మీద ఒలికించాడు. పోయినవాళ్లకి లివాదెలో చేసేదే. వాళ్లకీ ఆ అలవాటుందో, ఈ ప్రయాణంలోనే ఎక్కడో చూసి నేర్చుకున్నాడో తెలియదు.

ఆదివారం పొద్దున దఫీనా సుత్తి తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. బొజెనా వెనకే వచ్చి చెయ్యి చాపింది. మేకులు ఆ అరచేతిలో పోసింది దఫీనా.

ఆమె చేతిలో సుత్తి చూసి జెల్యాజ్కో పరుగున వచ్చాడు. "పిన్నీ! మాటిచ్చావు కదా!"

"ఇచ్చాను. తప్పుతున్నాను. నీ బస్సు ఆగిపోతే నడిచి వెళ్తాను."

"అతిథుల ముందు ఇదేంటి..."

"పారిపోతున్నారేమో చూడు మరి."

జెల్యాజ్కో మేకులు పట్టుకున్న బొజెనా వైపు చూశాడు. టోపీ తీశాడు.

దఫీనా కాగితాన్ని పాత చదరం మీదికి ఎత్తబోయింది. నడుం వంగిపోయింది, చెయ్యి అంత ఎత్తుకి లేవడం లేదు. అప్పుడెప్పుడో తన కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉండేలా కొట్టిన ఎత్తు అది. ఈమధ్య కొన్నేళ్లుగా బల్ల వేసుకుని కొడుతోంది, మెడ ఎత్తి చూస్తోంది. బల్ల తెస్తానని బొజెనా సైగ చేసింది. దఫీనా వద్దంది. కాగితం కిందికి దించి, ఆయన కళ్లు తన కళ్లకి ఎదురయ్యేదాకా జరిపి, అక్కడ మొదటి మేకు కొట్టింది.

ఎదురింటి గుమ్మంలోంచి వేల్కా కేకేసింది: "మరీ అంత కిందికేంటే? జనం వంగి చూడాలా?"

"వంగనీ" అని రెండో మేకు కోసం చెయ్యి చాపింది దఫీనా.