వెనక మెట్ల మీది లైటు

మా అత్త పోయింది. వానకాలం ఇంకా సరిగ్గా అందుకోలేదు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "జర నడుం వాలుస్త బిడ్డా" అని మంచమెక్కిన మనిషి మళ్లీ లేవలేదు. నస్పూర్‌లో మా వాడకట్టంతా కదిలి వచ్చింది. వచ్చినవాళ్లలో సగం మంది "పాపం, ముసల్దానికి పొద్దుగూకితే కండ్లు కానరాకుండె" అని కళ్లొత్తుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే రేచీకటి ఆమెకు కాదు, నాకు.

చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్లి కుదిరినప్పుడు నన్ను కన్న మా అవ్వ పక్కకు పిలిచి, "గీ సంగతి ఆడ ఎవ్వలకు చెప్పకు. తెలిస్తె తోలిచ్చేస్తరు" అంది. ఆ భయంతోనే కాపురానికి వచ్చాను. పొద్దు వాలకముందే వంట, అంట్లు, నీళ్లు మోయడం అన్నీ ముగించేసేదాన్ని. చుట్టుపక్కల ఆడవాళ్లు "కోడలంటే గిట్లుండాలె" అని తమ కోడళ్లకు నన్ను చూపించేవారు. అబ్బ, నా భయానికి ఎంత మంచి పేరు వచ్చిందో!

ఒకరోజు దీపం పెట్టే వేళకు అర్రలో మంచం మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. చుట్టం వచ్చాడనుకుని చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి "తాగండ్రి" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అది మడిచిపెట్టిన గొంగడి. మూలకు కూర్చున్న అత్త లేచి వచ్చి చెంబు అందుకుని, "మంచిగ తెచ్చినవ్ బిడ్డా, గొంతెండుతాంది" అని గటగటా తాగేసింది. ఆమె కోసమే తెచ్చాననుకుంది, బతికిపోయాననుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

వారం తిరగకుండానే ఆమె తన కళ్ల గురించి ఊరంతా చాటడం మొదలుపెట్టింది. "నాకు మాపటికి ఏం కానొస్తలేదే" అని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. నిజమేననుకున్నాను. నాలాంటి మనిషి ఇంట్లో ఇంకొకరున్నారని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

కొన్నేళ్లకు క్వార్టర్ వదిలి సొంత ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేసేవారు. బయట పెట్టడానికి ఒక లైటు కొందామని మంచిర్యాల బయలుదేరాం. ఆయన మనసంతా గేటు మీద ఉంది. దారినపోయేవాళ్లు చూడాలి, రంగు గోళం వెలగాలి. అత్త దారి పొడుగునా ఒకటే పాట పాడింది.

"ఎనుక మెట్లకాడ పెట్టు. తానాల గదికి పోవద్దా? నేను పడి నడుమిరగ్గొట్టుకుంటె నువ్వు మోస్తవారా?"

"అవ్వా, ఎనుక పెడితె ఎవడు చూస్తడే?"

"నడిచేటోళ్లు చూస్తరు."

దుకాణంలో సేటు తామరపువ్వులాంటి లైటు తీసి బల్ల మీద పెట్టాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తాగడానికి నీళ్లడిగింది. ఇచ్చిన చెంబును ఆ పువ్వు నెత్తిన కుమ్మరించింది.

"అవ్వా, అవ్వా! గది షోకు లైటు! నీళ్లు పోస్తవేంది?" అని సేటు గగ్గోలు పెట్టాడు.

"వాన నిన్నడిగి కురుస్తదా?"

తామరపువ్వు నిండా నీళ్లు నిలిచాయి. మా ఆయన సిగ్గుతో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. తరవాత పై అర మీదున్న ఒక బరువైన లైటును అత్త వేలితో చూపించింది. పోత ఇనుముది. మందపాటి అద్దం, దాని మీద ఇనుప జాలీ. బొగ్గుబాయిలో పనిచేసిన మా మామకు సద్ది తీసుకెళ్లిన రోజుల్లో బాయి దిగేచోట అలాంటివే చూసిందట. వానకూ బొగ్గుదుమ్ముకూ అవి ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదట. దాని మీదా ఇంకో చెంబు పోసింది. మరలు విప్పించి, లోపల కొంగుతో తుడిచి చూసింది. కొంగు పొడిగానే ఉంది. అద్దం చుట్టూ రబ్బరు ఉందా, ఉసిళ్లు దూరే సందుందా, మరలు ఇత్తడివా ఇనుమువా అని ఒక్కొక్కటీ అడిగింది. "ఇనుపయి తుప్పు పట్టి బిగుసుకుంటయి. కరెంటు బుగ్గ మార్చాల్నంటె గోడ పలగ్గొట్టాల్నా?" అంది. ఆఖరికి సేటే నవ్వి, ఇత్తడి మరలు వేసి ఇచ్చాడు.

బిగించేటప్పుడు కూడా ఆమె కదల్లేదు. తీగను కిందికి వంచి, మళ్లీ పైకి తిప్పి లైటులోకి పంపించమంది. తీగ మీద జారిన నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయని చెప్పింది. చదువు లేదు, ఇంజనీరు కాదు. చూసినదాన్ని మరిచిపోయే మనిషి కాదు, అంతే. రోజూ వెలుతురుండగానే ఆమే స్విచ్చు వేసేది. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు.

తరవాత చెన్నూరులో కళ్ల క్యాంపు పెడితే, తనకు తోడు రమ్మని నన్ను తీసుకెళ్లింది. డాక్టరు పరీక్ష చేసి, "అమ్మా, నీ కళ్లకు ఏ లోపమూ లేదు" అన్నాడు. నేను గిరుక్కున ఆమె వైపు తిరిగాను. ఆమె మాత్రం తాపీగా, "ఇగ వచ్చినం కద సారూ, మా కోడలివి గూడ చూడు" అని లేచి బయటికెళ్లి కూర్చుంది. నేను చెప్పేది తన చెవిన పడకూడదని వెళ్లింది. పుట్టుకతో వచ్చిందనీ, మందు లేదనీ, వెలుతురులో తిరిగితే భయం లేదనీ డాక్టరు చెప్పాడు.

బస్సులో నోరు తెరవబోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె నా ఒళ్లో జామకాయ పెట్టి, "నాకెందుకు బిడ్డా గా సంగతి? లైటున్నది కద, ఫికరెందుకు?" అంది. ఇంటికొచ్చాక అడిగినవాళ్లందరికీ తన కళ్లు బాగుపడేవి కావన్నాడని చెప్పింది. పోయేదాకా ఆ మాట మార్చలేదు. గుడ్డి ముసల్దని వాడకట్టు ఆడవాళ్లు పరాచికాలాడితే తనూ నవ్వేది. కన్నతల్లి నన్ను దాచుకోమంది. ఈమె నన్ను దాచింది.

పదకొండో రోజు రాత్రి, భోజనాలయ్యాక, చుట్టాలు వెనక వసారాలో కూర్చున్నారు. ఎవరో మళ్లీ అదే అన్నారు: "రేచీకటి తోటే పాయె పాపం." ఇక నావల్ల కాలేదు.

"మా అత్త కండ్లు బంగారమసొంటియి. కానరానిది నాకు" అన్నాను.

అందరూ ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. మా ఆయన మాత్రం ఉలిక్కిపడలేదు.

"నాకెరుకే" అన్నారు. "ఇల్లు కట్టిన ఏడే అవ్వ చెప్పింది. గా మాట నీ నోటెంబడి వచ్చేదాక అడుగొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

లేచి వెళ్లి వెనక మెట్ల లైటు స్విచ్చు వేశారు. పొద్దుగూకి చాలాసేపయింది. అయినా మెట్ల దగ్గర నిలబడ్డ ఆయన కళ్ల నిండా నీళ్లున్నాయని నాకు కనిపించింది.